ఇంటింట తపాలా కచేరి: ఒక నియమావళిపై విమర్శ

పలాసలో జీడిపప్పు వర్తకునకు, బొబ్బిలిలో వీణలు చేయు శిల్పికి, పాలకొండలో పదవ తరగతి విద్యార్థికి నేడు ఈ-మెయిల్ చిరునామా కలదు. ఉత్తరము వచ్చినదని ఫోను మ్రోగును, తెరచి చదువుకొందురు. కాని ఆ ఉత్తరము ఇప్పుడు ఎక్కడ ఉన్నదని అడిగినచో ముగ్గురును వెంటనే బదులు చెప్పలేరు. అది పలాసలో లేదు, బొబ్బిలిలో లేదు. ఎక్కడనో ఒక పెద్ద సంస్థవారి యంత్రశాలలో, వేలకొలది కంప్యూటర్ల నడుమ ఒకదానిలో నున్నది. చేతిలోనిది తాళపుచెవి మాత్రమే, పెట్టె ఇంకొకరిది.

పెట్టె కూడ ఇంటిలోనే ఉండరాదా? చిన్న కంప్యూటరు నొకదానిని మూలగదిలో పెట్టి, ఇంటికి వచ్చు ఇంటర్నెట్ తీగకు తగిలించి, తన ఉత్తరములు తానే అందుకొని తానే పంపుకొనరాదా? ఈ-మెయిలు కనిపెట్టినవారి ఊహలో దీనికి అడ్డేమియు లేదు. ఏ కంప్యూటరైనను తపాలా కచేరి కావచ్చుననియే వారు తలచిరి. ఈ ఊహకు ఆధారమైన గ్రంథము ఒకటి కలదు. జాన్ పోస్టెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1982 ఆగస్టులో ప్రకటించిన ఆ నియమావళి సంఖ్య 821. దాని పేరును తెలుగున సరళ లేఖా ప్రేషణ నియమావళి యనవచ్చును, ఇంజనీర్లు ఎస్.ఎమ్.టి.పి. అందురు. అది 2001లో ఒకమారు, 2008లో మరియొకమారు సంస్కరింపబడినది గాని మూలస్వరూపము మారలేదు. ఆ నియమావళి గుణదోషములను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలోని ఒక సామాన్య గృహమున నిలిపి పరీక్షించుట ఈ వ్యాసోద్దేశము.

నియమావళి గుణము

మొదట గుణము చెప్పుట న్యాయము. ఈ నియమావళి ప్రకారము ఉత్తరము నందించుట రెండు యంత్రముల నడుమ జరుగు చిన్న సంభాషణ. పంపు యంత్రము ఎదుటి యంత్రముయొక్క 25వ ద్వారమును తట్టును. ఎదుటిది 220 అను అంకెతో సిద్ధమని చెప్పును. పంపునది 'హెలో' యని తన పేరు చెప్పుకొనును. తరువాత ఉత్తరము ఎవరినుండి, ఎవరికి అను రెండు మాటలు. ప్రతి మాటకును 250 అను సమ్మతి. పిమ్మట 'డేటా' యనగా 354 అను అనుమతి వచ్చును. అప్పుడు ఉత్తరమంతయు పంపి, చివర ఒక చుక్క మాత్రమే గల వరుసను పంపవలెను. ఆ చుక్కయే ముద్ర. మరల 250 వచ్చెనా, ఉత్తరము చేరినట్లే.

జవాబు అంకెలలో మొదటిదానిని చూచినచో విషయము తెలియును. 2 అనగా జరిగినది, 3 అనగా ఇంకను చెప్పుము, 4 అనగా ఇప్పుడు కాదు మరల రమ్ము, 5 అనగా వీలులేదు పొమ్ము. పాఠశాలలో రెండు కంప్యూటర్లను తీగతో కలిపి, ఈ సంభాషణను విద్యార్థి తన చేతితో టైపుచేసి చూపవచ్చును. దాచిపెట్టిన మర్మమేదియు లేదు. ఇంత తేటగా ఆద్యంతము తరగతిలో చూపదగిన యంత్రవ్యవహారములు అరుదు.

రెండవ గుణము ఓర్పు. ఎదుటి యంత్రము పలుకనిచో ఉత్తరమును పారవేయక దాచియుంచి మరల మరల ప్రయత్నింపవలెను. 2008 నాటి ప్రతి ప్రకారము కనీసము నాలుగైదు దినములు ప్రయత్నించిన పిమ్మట గాని ఆశ వదలుకొనరాదు. వరదలో వంశధార దాటలేని తపాలాబంట్రోతు సంచిని గట్టుననే భద్రపరచి మరునాడు వచ్చినట్లే ఇది. ఇంటిలో సర్వరు పెట్టదలచినవానికి ఈ ఓర్పే పెద్ద అండ.

తెలుగుకు చోటులేని పెట్టె

ఇక దోషములు. మొదటిది తెలుగు పాఠకునకు వెంటనే తగులును. ఆ నియమావళి అక్షరమునకు ఏడు బిట్ల లెక్కనే ఒప్పుకొన్నది. ఏడు బిట్లతో 128 గుర్తులు మాత్రమే ఏర్పడును. ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, విరామచిహ్నములు పట్టుసరికి ఆ చోటు నిండిపోవును. ప్రపంచమునందలి తక్కిన లిపులన్నియు గడప బయటనే నిలిచినవి.

1991లో యూనికోడ్ తెలుగునకు స్థానమిచ్చినది. 1992లో మైమ్ అను పద్ధతి వచ్చి, ఎనిమిది బిట్ల సమాచారమును ఏడు బిట్ల వేషము వేసి పంపుట సాధ్యమైనది. ఈ వేషమునకు వెల కలదు. 'శ్రీకాకుళం' అను మాటను యూనికోడ్ ప్రకారము విడదీసినచో పది సంకేతములు; నేడు వాడుకలోనున్న యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, వెరసి 30. బేస్64 అను వేషము వేయగా ప్రతి మూడు బైట్లు నాలుగు అక్షరములగును, అప్పుడు 40. విద్యార్థులు 'విజయనగరం' తో ఈ లెక్క చేసి చూడవచ్చును.

ఉత్తరములో తెలుగు చేరినను, చిరునామా తెలుగులో వ్రాయుటకు 2012 వరకు ఆగవలసి వచ్చినది. ఆ యేట 6531వ నియమావళి అందుకు దారి యేర్పరచినది. ప్రజలు పలుకు భాషయే వ్రాతలోను ఉండవలెనని పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినది శ్రీముఖలింగ సమీపమున. ఆ జిల్లా విద్యార్థికి ఇది చిన్నవిషయముగా తోచరాదు. తెలుగు చిరునామాను అంగీకరించుట సర్వరు నడుపువాని చేతిలోనున్నది. ఇంటి సర్వరైనచో ఎవరిని బతిమాలనక్కరలేదు; పోస్ట్‌ఫిక్స్ అను ఉచిత సాఫ్ట్‌వేరు 2015 నుండి దీనికి సిద్ధముగా నున్నది. ఐతే ఉత్తరము అందుకొను ఎదుటివాని సర్వరును సిద్ధముగా నుండవలెను. భాష ఒకరి పెట్టెతో నడువదు గదా!

నమ్మకమే పునాది

రెండవ దోషము మొదటిదానికంటె లోతైనది. పంపు యంత్రము తన పేరు చెప్పుకొన్నప్పుడు, ఉత్తరము ఫలానావానినుండి అన్నప్పుడు, అది నిజమా అని తెలిసికొను ఉపాయము 1982 నాటి నియమావళిలో లేదు. ఎవడైనను ఎవని పేరుతోనైనను ఉత్తరము పంపవచ్చును. అంతేకాదు, సంబంధములేని మూడవవాని ఉత్తరమునైనను అందుకొని ముందుకు సాగనంపుట ఆనాటి మర్యాద.

దీనికి పోస్టెల్‌ను నిందించుట తేలిక. కాని కాలమును చూడవలెను. ఆనాటి వలలో నున్నవి కొన్ని వందల కంప్యూటర్లు. అవి విశ్వవిద్యాలయములవి, పరిశోధనాలయములవి. ఒకరినొకరు ఎరిగిన ఊరివంటిది అది. తలుపులకు గడియ లేకపోయినను నడచినది. ఐనను హెచ్చరిక లేకపోలేదు. 1978 మేలోనే ఒక కంప్యూటర్ కంపెనీ అమ్మకపుటుద్యోగి సుమారు 400 మందికి అడుగని ప్రకటన పంపి తిట్లు తినెను. నియమావళి వెలువడుటకు నాలుగేండ్ల ముందటి సంగతి యిది. దానినుండి పాఠము గ్రహింపకపోవుట నియమావళి లోపమే.

తరువాత ఊరు మహానగరమైనది. 1988 నవంబరులో మోరిస్ పురుగు అను కార్యక్రమము, ఉత్తరములు పంచు సెండ్‌మెయిల్ సాఫ్ట్‌వేరులోని ఒక లోపమును కూడ వాడుకొని వేలాది యంత్రములలో చొచ్చెను. పిమ్మట ఇండ్లలోని కంప్యూటర్లు పెరిగినవి. యజమానికి తెలియకుండ లోబరచుకొనిన ఇంటి కంప్యూటర్ల దండులతో చెత్త ఉత్తరములు కుప్పలుగా పంపు వ్యాపారము పుట్టినది. ఇంటినుండి వచ్చు ఉత్తరమనగానే అనుమానించు అలవాటు ఇక్కడనే ఆరంభమైనది.

అద్దె యింటి చిరునామా

శ్రీకాకుళములో ఒక ఉపాధ్యాయుడు సర్వరును ఇంట స్థాపించెననుకొందము. మొట్టమొదటి ప్రశ్న: లోకమునకు ఆ యిల్లు కనబడునా?

పాత పద్ధతి ఐ.పి. చిరునామా 32 బిట్లది. అట్టివి 2ను 32 మారులు హెచ్చింపగా వచ్చు 4,294,967,296 మాత్రమే. భూమిమీది జనసంఖ్య అంతకంటె ఎక్కువ. కేంద్ర భాండాగారమునందలి చివరి భాగములు 2011 ఫిబ్రవరిలో పంచిపెట్టబడినవి. ఆసియా ప్రాంతపు నిలువ అదే సంవత్సరము ఏప్రిలులో అడుగంటెను. అప్పటినుండి ఇంటర్నెట్ నిచ్చు సంస్థలు పలు ఇండ్లకు కలిపి ఒకే బహిరంగ చిరునామా నిచ్చు ఉపాయము నవలంబించినవి. ఇది అపార్టుమెంటు కంతటికిని ఒకే వీధి తలుపు ఉన్నట్లు. లోపలివారు బయటికి పోవచ్చును. బయటివాడు మాత్రము తలుపు తట్టినచో ఏ వాటాకు పోవలెనో కావలివానికి తెలియదు. ఉత్తరము పంపు యంత్రము 25వ ద్వారము తట్టినను ఆ పిలుపు ఇంటికి చేరదు.

దీనిని విద్యార్థి స్వయముగా పరీక్షింపవచ్చును. ఇంటి రౌటరు పుటలో బయటి చిరునామా యని చూపు అంకె 100.64 నుండి 100.127 వరకు గల దేనితోనైనను ఆరంభమైనచో, ఆ యిల్లు ఉమ్మడి తలుపు వెనుక నున్నదనుట దాదాపు నిశ్చయము. 2012లో ఈ పనికే ప్రత్యేకముగ కేటాయించిన ఆ శ్రేణిలో 2ను 22 మారులు హెచ్చింపగా వచ్చు 41,94,304 చిరునామాలు కలవు.

సొంత తలుపు ఉన్నను అది నిలుకడగ నుండదు. రౌటరు ఆగి మరల వెలిగినంతనే చిరునామా మారిపోవచ్చును. నెలకొక ఇల్లు మారు అద్దెవానికి ఉత్తరము పంపుట యెట్లు? స్థిరమైన చిరునామా కావలెనన్న అదనపు రుసుము. కొన్ని సంస్థలు వ్యాపార కనెక్షను తీసికొనినగాని దానిని ఈయవు. 128 బిట్ల కొత్త చిరునామాలు ఈ కొరతను తీర్చగలవు. వాటి వాడుకలో భారతదేశము ప్రపంచమున ముందువరుసలో నున్నది కూడ. ఐనను పాత చిరునామా మాత్రమే తెలిసిన సర్వర్లు ఇంకను పెక్కు గలవు గనుక కొత్తదానితోనే సరిపెట్టుకొన వీలులేదు.

వీధిని బట్టి తీర్పు

చిరునామా చిక్కు తీరినదనుకొన్నను ఉత్తరము బయటికి పోవలెను గదా. పలు సంస్థలు ఇంటి కనెక్షన్లనుండి 25వ ద్వారము గుండా ఏదియు బయటికి పోకుండ అడ్డగించును. సామాన్యునకు దీనివలన నష్టము తెలియదు. అతని ఫోను 587 వంటి వేరు ద్వారము గుండా పెద్ద సంస్థ సర్వరునకు ఉత్తరము నప్పగించును. నష్టము తానే తపాలా కచేరి కాదలచినవానికి మాత్రమే.

అడ్డంకి లేనిచోట మరొకటి ఎదురగును. ఉత్తరము అందుకొను సర్వరు, వచ్చిన చిరునామాను తిరుగవేసి దాని పేరేమని విచారించును. ఆ పేరు నిర్ణయించు అధికారము ఇంటివానిది కాదు, కనెక్షను నిచ్చిన సంస్థది. ఇంకను, స్పామ్‌హౌస్ వంటి సంస్థలు నేరుగా ఉత్తరములు పంపదగని చిరునామాల పట్టికలు ప్రకటించును. ఇండ్లకిచ్చు శ్రేణులు గంపగుత్తగా ఆ పట్టికలో చేరును. స్థిరమైన చిరునామా గలవాడు తొలగింపు కోరవచ్చును. తక్కినవానికి ఆ దారియు లేదు.

ఇచ్చటనే విమర్శకు అసలైన పని కలదు. పట్టికలు అన్యాయమని తోసిపుచ్చుట తగదు. చెడిన ఇంటి యంత్రములవలన కలిగిన బాధ నిజమైనది. కాని తీర్పుయొక్క ఆధారమును ప్రశ్నింపవలెను. పొందూరులో ఇంట వడకిన నూలునకు నాణ్యము చూచి వెల కట్టుదురు. వడకినవారు ఏ వీధివారని చూచి నూలును త్రోసివేయరు. ఉత్తరముల విషయమున వీధిపేరే తీర్పగుచున్నది.

నూలును పరీక్షించు సాధనములు లేవా? ఉన్నవి. ఫలానా ఊరిపేరుతో ఉత్తరములు పంపదగిన యంత్రములివి యని బహిరంగముగ ప్రకటించునది ఎస్.పి.ఎఫ్. ఉత్తరముపై మార్చ వీలుకాని గణితముద్ర వేయునది డి.కె.ఐ.ఎమ్. ఈ రెండును తప్పినచో ఏమి చేయవలెనో పేరుగలవాడే చెప్పునది డిమార్క్. ఇది 2015లో ప్రకటింపబడినది. 1982 నాటి రెండవ దోషమునకు ఇవి ఇరువదియేండ్లకు పైగా గడచిన పిమ్మట అతికిన మాసికలు. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్దమొత్తమున పంపువారికి ఈ మూడింటిని తప్పనిసరి చేసినవి. శ్రద్ధగల విద్యార్థి వీటినన్నిటిని ఇంటి సర్వరునందు అమర్చగలడు. అమర్చిన పిమ్మటను అతని ఉత్తరము చెత్తబుట్టలో పడవచ్చును. ఏలయనగా కొత్త చిరునామాకు మంచిపేరు ఇంకను ఏర్పడలేదు. పెద్ద సంస్థ ఆ పేరును ఎట్లు లెక్కించునో పూర్తిగా వెల్లడింపదు. పరీక్షలో తప్పితివని చెప్పి, తప్పిన ప్రశ్న ఏదో చెప్పని పరీక్షాధికారి వంటిది ఇది.

కరెంటు, తుఫాను

నియమావళిలో లేని మరొక పరీక్ష ఉత్తరాంధ్ర తీరమున కలదు. చిన్న కంప్యూటరు, రౌటరు, తంతి పెట్టె కలిపి 15 వాట్లు వాడుననుకొన్నచో దినమునకు 360 వాట్-గంటలు. సంవత్సరమునకు సుమారు 131 యూనిట్లు. ఇది మోయరాని భారము కాదు. కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల, 150 ఆంపియర్-గంటల ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్నదనుకొందము. అందలి శక్తి 1,800 వాట్-గంటలు. బ్యాటరీ ఆయుర్దాయము కొరకు సగమే వాడవలెను, మార్పిడిలో ఐదవవంతు పోవును, మిగులునది 720. దానిని 15తో భాగింపగా 48 గంటలు. ఫ్యానులు, దీపములు వేసినచో అందులో కొద్దిపాలే దక్కును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును, విజయనగరం జిల్లాను కల్లోలపరచినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలితో పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానమున కొబ్బరి, జీడితోటలతోపాటు విద్యుత్ స్తంభములు వేలసంఖ్యలో కూలెను. పలు గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. రాష్ట్రప్రభుత్వపు ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి జాతికి అంకితము చేసెను. దాని తంతి నేలలో పాతినదికాక, అధికభాగము విద్యుత్ స్తంభములపైననే సాగినది. అందువలన పల్లెలకు త్వరగా, చవుకగా చేరినది. అందువలననే స్తంభము కూలినచో కరెంటు, ఇంటర్నెట్ ఒకేమారు పోవును. బ్యాటరీ ఎంత పెద్దదైనను తెగిన తంతిని అతుకజాలదు.

ఇచట నియమావళియొక్క ఓర్పు అక్కరకు వచ్చును. నాలుగైదు దినములలో తంతి బాగుపడినచో ఇంటి సర్వరునకు రావలసిన ఉత్తరములు నష్టపోవు. పంపినవారి సర్వర్లలో వేచియుండును. అంతకు మించినచో తిరిగిపోవును. ఇతర జిల్లాలోని మిత్రుని సర్వరును రెండవ అందుబాటుగా నమోదు చేసికొన్నచో ఆ ప్రమాదమును తప్పించుకొనవచ్చును.

ప్రతిపక్షపు వాదము

ఇన్ని చిక్కులున్నప్పుడు పెద్ద సంస్థకే అప్పగించి నిశ్చింతగ నుండరాదా అని అడుగువారు కలరు. వారి మాటలో బలము కలదు. అచట కరెంటు పోదు, నిపుణులు రేయింబవళ్లు కావలి యుందురు. ఒంటరిగ సర్వరు నడుపువాడు వారమువారము లోపములు సవరించుకొనక అశ్రద్ధ చేసినచో అతని యంత్రమే చెత్త పంపువారి చేతికి చిక్కును. అట్టివాని సర్వరు వీధిలో నూయి తవ్వి ఒర కట్టకుండ విడిచినట్లే.

ఐనను పెద్దపెట్టె అన్నివేళల భద్రము కాదు. 2013లో యాహూ సంస్థలో జరిగిన చొరబాటు 300 కోట్ల ఖాతాలకు తగిలినదని ఆ సంస్థ 2017లో ఒప్పుకొన్నది. ప్రకటనలను ఎంచి చూపుటకై జీమెయిల్ ఉత్తరములను యంత్రముచేత చదివించు పద్ధతిని మానుదుమని గూగుల్ ప్రకటించినది కూడ 2017 జూనులోనే. అనగా అంతవరకు ఆ పద్ధతి నడచినది. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. నేడు పరీక్షకు దరఖాస్తు, బ్యాంకు సమాచారము, ఉద్యోగపు పిలుపు అన్నియు ఈ-మెయిలుతో ముడిపడినవి. దూరదేశపు సంస్థ ఏదో అనుమానముతో ఖాతా మూసివేసినచో, నరసన్నపేట విద్యార్థి మొరపెట్టుకొనుటకు ఎదుట మనిషి యుండడు. పోస్టాఫీసులో పోస్టుమాస్టరు ఉండెడివాడు.

చేయదగినది

ఈ రెండు వాదముల నడుమ ఒక దారి కలదు. మొదట చిరునామాలోని పేరును సొంతము చేసికొనవలెను. సంవత్సరమునకు కొద్ది రుసుముతో ఒక డొమైన్ పేరు నమోదు చేసికొన్నచో, ఉత్తరములు నేడు ఒక సంస్థ వద్ద ఉంచి రేపు వేరొకచోటికి మార్చినను చిరునామా మారదు. ఇల్లు మారినను పేరు మారనట్లు. ఈ ఒక్కపనితో పరాధీనత చాలవరకు తగ్గును. రెండవది, ఉత్తరముల ప్రతిని ఇంటి యంత్రములో ఎప్పటికప్పుడు భద్రపరచుకొనుట. దీనికి ఏ ద్వారమును తెరువనక్కరలేదు. ఏ పట్టికయు అడ్డుపడదు. మూడవది, నిజముగ సర్వరు నడుపదలచినవారు పంపు పనిని మంచిపేరుగల మధ్యవర్తి సర్వరునకు అప్పగించి, నిలువచేయు పనిని ఇంట నుంచుకొనుట. ఉమ్మడి తలుపు వెనుకనున్నవారు అందుకొను పనికిని బయట ఒక చిన్న అద్దె సర్వరును వాకిలిగా వాడుకొనవలసి యుండును.

ఉపాధ్యాయులు చేయదగినది కూడ కలదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమను సామెత ననుసరించి, పాఠశాల గదిలోనే బయటి ఇంటర్నెట్‌తో పనిలేకుండ రెండు యంత్రముల నడుమ ఉత్తరము పంపి చూపవచ్చును. పిల్లవాడు స్వహస్తముతో హెలో యని 250 అందుకొనిననాడు, దొంగపేరు వ్రాసినను యంత్రము ఒప్పుకొనుట కన్నులార చూచిననాడు, 821వ నియమావళి గుణమును దోషమును ఒక్క గడియలో గ్రహించును. వచ్చిన ప్రతి ఉత్తరములోని పేరును నమ్మరాదను వివేకము అతనికి ఆజన్మాంతము ఉపయోగపడును.

తుదకు తీర్పు ఇది. నియమావళి సరళమైనది, ఓర్పుగలది. మనుష్యులను అవసరమునకు మించి నమ్మినది. ఏ యిల్లైనను తపాలా కచేరి కావచ్చునను దాని మాట నియమముగా నేటికిని చెల్లుచున్నది. ఆచరణలో మాత్రము చిరునామా నిచ్చువాడు, పట్టిక వ్రాయువాడు, మంచిపేరు లెక్కించువాడు అను ముగ్గురి అనుమతికి లోబడినది. కావున ఈ-మెయిలు తపాలావంటిదని పాఠము చెప్పునప్పుడు మరియొక వాక్యము చేర్చవలెను: ఈ తపాలాలో కచేరి తెరచు హక్కు అందరికిని కలదు గాని, ఉత్తరము తీసికొనుట ఎదుటివాని యిష్టము. ఆ యిష్టమునకు కారణము తెలుపుమని అడుగగల పౌరులు నేటి తరగతిగదులలోనే తయారు కావలసియున్నది.